ఎవరూ తీయని సినిమాలు

పోస్టర్ ఉంది, క్యాప్షన్ ఉంది, టికెట్ల కోసం బారెడు క్యూ ఉంది. సినిమా మాత్రం లేదు. అమెరికన్ సిట్‌కామ్ ‘సైన్‌ఫెల్డ్’ పుట్టించిన ఉత్తుత్తి సినిమాలు ముప్పయ్యేళ్లు దాటినా అభిమానుల నోళ్లలో నానుతూనే ఉన్నాయి.

‘రొషెల్, రొషెల్’ కథేమిటో ఎవరూ పూర్తిగా చెప్పలేరు. టైటిల్ కింది క్యాప్షన్ మాత్రం అందరికీ గుర్తే: మిలన్ నుంచి మిన్స్క్ దాకా ఓ పడుచుపిల్ల సాగించిన వింత శృంగార యాత్ర. ఇటలీలో ఫ్యాషన్‌కు పేరుపడ్డ ఊరి నుంచి బెలారుస్ రాజధానికి ఆ పిల్ల ఎందుకు బయల్దేరింది? రైలెక్కిందా, దారిన పోయే లారీ ఆపిందా? ఎవరు తగిలారు, ఎవరు వదిలేశారు? సమాధానాలు లేవు. అయినా ఆ సినిమా న్యూయార్క్ థియేటర్లలో ఆడింది. వీడియో క్యాసెట్‌గా అద్దెకు తిరిగింది. ఆఖరికి బ్రాడ్‌వే మీద పాటల నాటకంగా కూడా వచ్చింది. 1993 జనవరిలో మొదలై 1995 మేలో ముగిసిన ఈ ప్రస్థానమంతా ఒక టీవీ కామెడీ లోపలే జరిగింది. బయట ‘రొషెల్, రొషెల్’ను ఎవరూ తీయలేదు.

ఆ కామెడీ పేరు ‘సైన్‌ఫెల్డ్’. ఎన్‌బీసీ చానల్లో 1989 జులై 5న మొదలై 1998 మే 14న ముగిసింది. తొమ్మిది సీజన్లు, 180 ఎపిసోడ్లు. ఆఖరి ఎపిసోడ్‌ను అమెరికాలో ఏడున్నర కోట్ల మందికి పైగా చూశారు. స్టాండప్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్, రచయిత లారీ డేవిడ్ దీని సృష్టికర్తలు. జెర్రీ ఇందులో తన పేరుతోనే, తన వృత్తితోనే కనిపిస్తాడు. చుట్టూ ముగ్గురు. ప్రతి చిన్న విషయానికీ తన పరువు పోయిందని గింజుకునే జార్జ్. ఒకప్పుడు జెర్రీ ప్రేయసి, ఇప్పుడు నేస్తం అయిన ఎలేన్. ఎదురు ఫ్లాట్లోంచి తలుపు తోసుకుని దూసుకొచ్చే క్రేమర్. మాన్‌హటన్‌లో ఈ నలుగురి రోజువారీ తంటాలే కథ.

వీళ్లకు సినిమాల పిచ్చి. వీళ్లు చూసే సినిమాల్లో చాలావాటిని రచయితలే పుట్టించారు. ‘చెక్‌మేట్’, ‘ప్రోగ్నోసిస్ నెగటివ్’, ‘శాక్ లంచ్’, ‘డెత్ బ్లో’, ‘చన్నెల్’... పేర్లు వింటుంటేనే ఓ పాత మల్టీప్లెక్స్ ముందు నిలబడి బోర్డు చదువుతున్నట్టుంటుంది. ఈ సీరియల్ మీద నా ఇష్టంలో పెద్ద వాటా ఈ సినిమాలదే. సినిమాకు వెళ్లడమనే పనిని, అందులోని ఆత్రాన్ని, అలకల్ని, ఎదురుచూపుల్ని ఇంత దగ్గరగా చూపించిన కామెడీ నాకు మరొకటి తెలియదు. అది సాధ్యమైంది కూడా తెర మీద అసలు సినిమా లేకపోవడం వల్లేనని నా నమ్మకం.

టికెట్ కొన్నవాళ్ల క్యూనా, కొనాల్సినవాళ్ల క్యూనా?

1993 జనవరి 6న వచ్చిన ఎపిసోడ్ పేరే ‘ది మూవీ’. నలుగురూ కలిసి ‘చెక్‌మేట్’ చూడాలనుకుంటారు. జెర్రీకి అదే రాత్రి కామెడీ క్లబ్బుల్లో ప్రోగ్రాములున్నాయి. కాబట్టి మిగతావాళ్లు ముందుగా వెళ్లి టికెట్లు తీసి, సీట్లు పట్టాలి. ఇంతే కథ.

జార్జ్ వెళ్లి ఓ క్యూలో నిలబడతాడు. అది టికెట్లు కొనాల్సినవాళ్ల క్యూనా, కొన్నవాళ్లు లోపలికి వెళ్లే క్యూనా? ముందున్న మనిషిని సూటిగా అడగడు. అడిగినా సరిగ్గా అడగడు. తేలేసరికి టికెట్లు అయిపోతాయి. ఇంకో థియేటర్‌కు పరుగు. ఈలోగా క్రేమర్‌కు ఆకలేస్తుంది. థియేటర్లో అమ్మే హాట్‌డాగ్ అతనికి పనికిరాదు, ‘పపాయా కింగ్’లోదే కావాలి. లోపల ఎలేన్ ఒంటరిగా కోట్లు పరిచి సీట్లు కాపలా కాస్తుంటుంది. మన థియేటర్లలో కర్చీఫ్ వేసి సీటు పట్టిన వాళ్లెవరికీ ఆమె అవస్థను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగేవాళ్లకు మొదట నవ్వుతూ జవాబిస్తుంది. తర్వాత గొంతు పెరుగుతుంది. ఆ తర్వాత ఒంటిచేత్తో యుద్ధమే. హాల్లో లైట్లు ఆరిపోతుంటే అవతలివాళ్లు రారు, ఇవతలివాళ్లు ఊరుకోరు.

అప్పటికి జేబుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఒకరు బయట, ఒకరు లోపల, ఒకరు వీధి చివర. ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటూ అందరూ అందరినీ తప్పిపోతారు. చూడాలనుకున్న ‘చెక్‌మేట్’ చేజారుతుంది. దాని బదులు దొరికేది ‘రొషెల్, రొషెల్’.

అదే 1993లో ‘జురాసిక్ పార్క్’ వచ్చింది. దానికే టికెట్లు దొరక్క వీళ్లు తిప్పలు పడినట్టు రాసి ఉంటే మన మనసు డైనోసార్ల మీదికి పోయేది. సినిమా మనకు నచ్చిందా లేదా అన్న లెక్క అడ్డొచ్చేది. ‘చెక్‌మేట్’తో ఆ పేచీ లేదు. పేరు వినగానే ఏదో థ్రిల్లర్ అనిపిస్తుంది. అంతకు మించి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. చూపు మొత్తం జార్జ్ బెరుకు మీద, ఎలేన్ పంతం మీద, క్రేమర్ తిండి మీద నిలుస్తుంది. ఇలాంటి పేరు పెట్టడం చూసేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది గానీ, రచయితకు గట్టి పరీక్షే. అచ్చం నిజం సినిమాలా వినిపించాలి, అలాగని ఏ నిజం సినిమానూ గుర్తుచేయకూడదు.

అసలు సినిమా ఎప్పుడు కావాలి?

‘సైన్‌ఫెల్డ్’ రచయితలు నిజం సినిమాలను పక్కన పెట్టేశారనుకోవద్దు. 1991 మేలో వచ్చిన ‘ది చైనీస్ రెస్టారెంట్’ ఎపిసోడ్‌లో జెర్రీ, జార్జ్, ఎలేన్ భోజనానికి టేబుల్ దొరక్క ఎపిసోడ్ పొడుగునా నిలబడే ఉంటారు. భోంచేసి వెళ్లాల్సింది ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’కు. అది చెత్త సినిమాల్లోకెల్లా చెత్త సినిమాగా చరిత్రకెక్కిన నిజం సినిమా. అలాంటి సినిమా కోసం ఇంత ఆకలి కడుపుతో పడిగాపులా అన్నది అక్కడి నవ్వు.

1994లో ‘షిండ్లర్స్ లిస్ట్’ వంతు వచ్చింది. అమ్మానాన్నలు ఇంట్లో దిగడంతో ప్రియురాలితో ఏకాంతం కరవైన జెర్రీ, ఆ సినిమా నడుస్తుండగా హాల్లో ఆమెను ముద్దాడుతూ దొరికిపోతాడు. ఊరంతా ఛీకొడుతుంది. ఈ సన్నివేశానికి ఉత్తుత్తి సినిమా పనికిరాదు. యూదుల ఊచకోత మీద స్పీల్‌బర్గ్ తీసిన చిత్రమంటే జనంలో ఉన్న గంభీరమైన గౌరవం ముందే ఉండాలి. అప్పుడే జెర్రీ చేసింది అపచారం అవుతుంది.

నిజం సినిమా, ఉత్తుత్తి సినిమా, ఈ రెండు పద్ధతులూ ఒకేచోట కలిసింది 1997 మార్చి 13న వచ్చిన ‘ది ఇంగ్లిష్ పేషంట్’ ఎపిసోడ్‌లో. చుట్టూ అందరూ ఆ సినిమా చూసి కన్నీరుమున్నీరవుతుంటారు. ఎలేన్‌కు మాత్రం సీట్లో ప్రాణం పోతున్నట్టుంటుంది. ఆ ఎడారి కథ ఎప్పుడు ముగుస్తుందా, ఆ రోగి ఎప్పుడు కన్నుమూస్తాడా అని హాల్లోనే విసుక్కుంటుంది. నచ్చలేదన్నందుకు ప్రియుడు దూరమవుతాడు, స్నేహితురాళ్లు మొహం తిప్పుకుంటారు. ఆ ఎడారి సన్నివేశాల షూటింగ్ నిజంగా జరిగింది ట్యునీషియాలో. ఆమె బాస్ పీటర్‌మన్ ఆమెను ఆ ట్యునీషియాకే పంపిస్తానంటాడు, అక్కడ గుహలో ఉండి వస్తే బుద్ధి వస్తుందని. ఈ ఎపిసోడ్ ప్రసారమైన పదకొండు రోజులకు ఆస్కార్ వేడుక జరిగింది. ‘ది ఇంగ్లిష్ పేషంట్’ ఉత్తమ చిత్రం సహా తొమ్మిది అవార్డులు ఎత్తుకుపోయింది. లోకమంతా ఒకవైపు, ఎలేన్ ఒకవైపు.

ఇంతకీ ఆ సాయంత్రం ఎలేన్ చూడాలనుకున్నది ‘శాక్ లంచ్’. పోస్టర్ మీద ఓ కుటుంబం మొత్తం మధ్యాహ్న భోజనం కట్టిచ్చే కాగితం సంచిలో కూర్చుని ఉంటుంది. ఎలేన్‌ను ఒకటే సందేహం తొలిచేస్తుంది: ఆ మనుషులు కుంచించుకుపోయారా, లేక సంచే అంత పెద్దదా? నాకు ఆమె మీద ప్రేమ పుట్టేది ఇక్కడే. అవార్డుల సినిమాలో దొరకని ఉత్సాహం ఆమెకు ఓ పోస్టర్‌లో దొరికింది. చిన్నప్పుడు స్కూలు దారిలో గోడ మీది వాల్‌పోస్టర్ చూసి కథ మొత్తం అల్లుకున్న ప్రతివాళ్లకూ ఈ ఉత్సాహం సొంతమే. ‘ది ఇంగ్లిష్ పేషంట్’ గురించి ఆమె ఏమనాలో లోకం ముందే తేల్చేసింది. ‘శాక్ లంచ్’ను ఇంకా ఎవరూ చూడలేదు కనుక దాన్ని ఇష్టపడే స్వేచ్ఛ ఆమెకు మిగిలింది.

పెట్టెలో ఉండిపోయిన స్క్రిప్టు

ఈ పేర్లలో నాకు అన్నిటికన్నా దగ్గరిది ‘ప్రోగ్నోసిస్ నెగటివ్’. రోగి బతికే ఆశ లేదని డాక్టర్లు రాసే మాట అది. 1939లో బెట్టీ డేవిస్ నటించిన ‘డార్క్ విక్టరీ’లో నాయిక తన కేసు కాగితాల్లో ఆ మాట చదివి తన చావు ఖాయమని తెలుసుకుంటుంది. లారీ డేవిడ్ ఒకప్పుడు ఆ పేరుతో ఓ సినిమా స్క్రిప్టు రాశాడు. అది తెరకెక్కలేదు. పేరును మాత్రం దాచుకుని, తన సీరియల్లో నలుగురూ చూడాలని తహతహలాడే సినిమాకు పెట్టాడు.

1991 అక్టోబరులో వచ్చిన ‘ది డాగ్’ ఎపిసోడ్‌లో జెర్రీ నెత్తిన ఓ అపరిచితుడి కుక్క పడుతుంది. విమానంలో పక్కన కూర్చున్న తాగుబోతును ఆస్పత్రికి తరలించడంతో, అతని కుక్కను జెర్రీయే ఇంట్లో పెట్టుకోవాల్సి వస్తుంది. సినిమాకు వెళ్లే వీల్లేదు. అతను లేకుండా ‘ప్రోగ్నోసిస్ నెగటివ్’ చూడటం ద్రోహం. అందుకని జార్జ్, ఎలేన్ దాన్ని అట్టేపెట్టి ‘పోన్స్ డి లియోన్’ అనే మరో ఉత్తుత్తి సినిమాకు వెళ్తారు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. జెర్రీ మధ్యలో లేకపోతే ఈ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కాఫీ కప్పుల ముందు కూర్చుని కిటికీలోకి చూస్తారు, మెనూ చూస్తారు. చివరికి జెర్రీ అలవాట్లను వెక్కిరించడం మొదలుపెట్టాకే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

నువ్వు లేకుండా చూడనని స్నేహితుడికి మాటిచ్చి, థియేటర్ దాకా వెళ్లి ఆ సినిమా వదిలేసి పక్క సినిమాకు పోవడం ఎంత పెద్ద త్యాగమో సినిమా పిచ్చోళ్లకు తెలుసు. లారీ డేవిడ్ స్క్రిప్టుకు అంతకన్నా మంచి విడుదల దొరికేది కాదేమో. తన కలల సినిమాను స్నేహానికి కొలతబద్దగా నిలబెట్టాడు.

క్యాసెట్, బ్రాడ్‌వే, దొంగ కెమెరా

‘రొషెల్’ ప్రయాణం మూడు నెలల్లోనే రెండో మజిలీ చేరింది. 1993 ఏప్రిల్ నాటి ‘ది స్మెల్లీ కార్’ ఎపిసోడ్‌లో జార్జ్ దాన్ని వీడియో షాపులో అద్దెకు తీసుకుంటాడు. షాపులోనే పాత ప్రియురాలు సూసన్ ఎదురుపడుతుంది, చేతిలో ఉన్నది చూస్తే శృంగార చిత్రం. ఆ కంగారు ఒకటైతే, క్యాసెట్ జెర్రీ కార్లోంచి దొంగతనానికి గురికావడం మరొకటి. షాపువాళ్లు అడిగిన పరిహారం వంద డాలర్లకు కాస్త తక్కువ. రచయితలు పెంచి రాసిన అంకె కాదది. అప్పట్లో స్టూడియోలు అద్దె షాపులకు కొత్త క్యాసెట్లను ఇంచుమించు ఆ ధరకే అమ్మేవి. ఒక్కో క్యాసెట్ పదుల సార్లు అద్దెకు వెళ్తే గానీ షాపుకు పెట్టుబడి తిరిగొచ్చేది కాదు.

1995 మే 18న ‘ది అండర్‌స్టడీ’లో రొషెల్ ఏకంగా బ్రాడ్‌వే చేరింది. పేరున్న గాయని, నటి బెట్ మిడ్లర్ తన పాత్రలో తానే వచ్చి, ‘రొషెల్, రొషెల్’ మ్యూజికల్ నాయికగా కనిపించింది. సెంట్రల్ పార్కులో సాఫ్ట్‌బాల్ ఆటలో జార్జ్ పరుగు తీస్తూ ఆమెను గుద్ది పడేస్తాడు. దాంతో బదులు నటికి అవకాశం దక్కుతుంది. ఆ బదులు నటి జెర్రీ ప్రియురాలు. ఇదంతా ముందే పన్నిన కుట్ర అని న్యూయార్క్ వీళ్ల మీద విరుచుకుపడుతుంది. ఏడాది ముందు స్కేటింగ్ క్రీడాకారిణి నాన్సీ కెరిగన్ మోకాలి మీద కొట్టించారన్న టోన్యా హార్డింగ్ వ్యవహారంతో అమెరికా అట్టుడికింది. దానికి ఇది పేరడీ. మూడు ఎపిసోడ్లలో ఓ లేని సినిమాకు మొత్తం జీవితం అమర్చారు: హాలు, షాపు, రంగస్థలం. అందుకే నా లెక్కలో వీటన్నిటికీ పెద్దక్క ‘రొషెల్, రొషెల్’.

‘డెత్ బ్లో’ది ఇంకో రకం బతుకు. 1996 అక్టోబరులో ‘ది లిటిల్ కిక్స్’ ఎపిసోడ్‌లో క్రేమర్ స్నేహితుడు బ్రోడీ హాల్లోకి కెమెరా దాచి తెస్తాడు. సినిమాను దొంగచాటుగా తీసి క్యాసెట్లు అమ్మడం అతని వ్యాపారం. మిఠాయిలు ఎక్కువ తిని కడుపునొప్పితో అతను వెళ్లిపోతే ఆ పని బలవంతంగా జెర్రీ మీద పడుతుంది. మొదట ఒళ్లంతా చెమట. కానీ జెర్రీ తీసిన దొంగ కాపీ అద్భుతంగా వస్తుంది, ఆ వీధి వ్యాపారంలో ఓ కళాఖండంగా పేరు తెచ్చుకుంటుంది. తర్వాత ‘క్రై, క్రై అగైన్’ తీయమని అడిగితే జెర్రీలో దర్శకుడు నిద్ర లేస్తాడు. అది యాక్షన్ సినిమా కాదు, ఏడుపు సినిమా, దానికి కెమెరా పెట్టే తీరే వేరంటాడు. పని మీద గౌరవం మనిషికి ఎక్కడైనా పుట్టుకొస్తుందని చూపించే ఈ భాగం నాకెంతో నచ్చుతుంది. చివరికి ఆ కెమెరాతో హాల్లో పట్టుబడేది మాత్రం పాపం జార్జ్. అమెరికాలో థియేటర్లో ఇలా రికార్డు చేయడాన్ని 2005లో ఫెడరల్ నేరంగా మార్చారు. మన దేశంలో 2023 సినిమాటోగ్రఫీ సవరణ చట్టం మూడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. విడుదలైన రోజే పైరసీ కాపీ బయటికొచ్చి నిర్మాతలు గుండెలు బాదుకోవడం తెలుగు పరిశ్రమకు అలవాటైన బాధ.

సినిమా పేరు చెప్పండి

‘చన్నెల్’ 1995 నవంబరు సినిమా. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లను కలిపే సముద్రగర్భ సొరంగం 1994లో మొదలైంది, ఏడాది తిరిగేసరికి ‘సైన్‌ఫెల్డ్’ దాని మీద ఓ విపత్తు చిత్రాన్ని విడుదల చేసేసింది. అప్పట్లో న్యూయార్క్‌వాసులు షో టైమింగుల కోసం ‘మూవీఫోన్’కు డయల్ చేసేవాళ్లు. 1989లో మొదలైన సేవ అది. రస్ లెదర్‌మన్ హుషారైన గొంతు పలికేది, సినిమా పేరులో మొదటి మూడు అక్షరాలు బటన్లు నొక్కి చెప్పమనేది. క్రేమర్ కొత్త ఫోన్ నంబరు దానికి ఒక్క అంకె తేడా. తప్పుగా వచ్చే కాల్స్‌ను కొన్నాళ్లు భరించి, ఆఖరికి తానే మూవీఫోన్ అయిపోతాడు. ఆ గొంతునే అనుకరిస్తూ పేపర్లో చూసి టైమింగులు చదువుతాడు. కానీ అవతలివాళ్లు నొక్కిన బటన్లు ఏ అక్షరాలో అతనికెలా తెలుస్తుంది? రెండుసార్లు ఊహించి, ఓడిపోయి, చూడాలనుకున్న సినిమా పేరు మీరే చెప్పేయొచ్చు కదా అంటాడు. యంత్రం గొంతులోంచి హఠాత్తుగా మనిషి బయటపడే ఆ క్షణం ఈ సీరియల్ మొత్తానికి గొప్ప క్షణాల్లో ఒకటి. మూవీఫోన్‌ను 1999లో ఏఓఎల్ కొనుక్కుంది. ఫోన్ లైను 2014లో మూగబోయింది.

వీడియో షాపులూ అంతే. 1997 జనవరిలో ‘ది కమ్‌బ్యాక్’ ఎపిసోడ్‌లో షాపు ఉద్యోగి విన్సెంట్ పేరుతో ఓ అర ఉంటుంది, అందులో అతను మెచ్చిన సినిమాలు. ఎలేన్ అవి చూసి, అతనికి ఎంత మంచి అభిరుచి అని మనసు పారేసుకుంటుంది. మనిషిని చూడలేదు, ఫోన్లో మాటలే. తీరా చూస్తే మీసం కూడా మొలవని కుర్రాడు. అదే ఎపిసోడ్‌లో క్రేమర్ ‘ది అదర్ సైడ్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే కోమా సినిమాను సగం చూసి హడలిపోతాడు. తనకూ అదే గతి పడితే ఏం చేయాలో ముందే రాసి పెట్టాలని లాయర్ దగ్గరికి పరుగెత్తుతాడు. మిగతా సగం చూసినప్పుడు గానీ తెలియదు, ఆ సినిమాలో కోమాలో ఉన్న ఆమె కళ్లు తెరిచి లేస్తుందని.

2021 అక్టోబరు నుంచి ‘సైన్‌ఫెల్డ్’ నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. హైదరాబాద్‌లో, న్యూజెర్సీలో తెలుగు ఇళ్లలో పిల్లలు కూడా చూస్తున్నారు. వాళ్లకు క్యాసెట్ రీవైండ్ చేయకపోతే వేసే జరిమానా గురించి, ఫోన్లో బటన్లు నొక్కే తంతు గురించి పక్కనున్న పెద్దవాళ్లే చెప్పాలి. ‘చన్నెల్’ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటివాళ్లకు ఎంత తెలుసో ఇప్పటివాళ్లకూ అంతే తెలుసు.

తర్వాతి తరం

ఈ ఆట ‘సైన్‌ఫెల్డ్’ ఒక్కటే ఆడలేదు. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో మెక్‌బెయిన్ అనే కండల పోలీసు హీరో సినిమా ముక్కలు వేర్వేరు ఎపిసోడ్లలో వస్తాయి. ‘ది ఆఫీస్’లో బాస్ మైకేల్ స్కాట్ ఏళ్ల తరబడి తీసిన ‘థ్రెట్ లెవెల్ మిడ్‌నైట్’ది వేరే దారి. 2005లో ఉద్యోగులు అతని స్క్రిప్టును రహస్యంగా చదివి పొర్లి పొర్లి నవ్వుతారు. అందులో హీరో పక్కన ఉండే తెలివితక్కువ తోడుగాడి పేరు శామ్యూల్. ఆ పేరు మొదట సహోద్యోగి డ్వైట్‌ది. అన్నిచోట్లా మార్చేశాడు గానీ, స్పెల్లింగ్ తప్పుగా కొట్టిన ఒక్కచోట పాత పేరు మిగిలిపోయింది. దాంతో ఎవరి మీద రాశాడో ఆ మనిషి ముందే బట్టబయలైంది. 2011 ఫిబ్రవరిలో ఆ సినిమాను నిజంగానే తెర మీద చూపించారు. ఆప్యాయంగా ఉంటుంది. కానీ చూపించాక ఊహించుకోవడానికి మనకేమీ మిగల్లేదని నాకనిపిస్తుంది. 2005లో ఆ ఒక్క అచ్చుతప్పు పుట్టించిన నవ్వును పూర్తి సినిమా దాటలేకపోయింది.

నా ఓటు ‘30 రాక్’లోని ‘ది రూరల్ జ్యూరర్’కు. తొలి సీజన్లో నటి జెన్నా మరోనీ ఓ సినిమాలో చేస్తుంది. దాని పేరు ఆమె నోట ఎవరికీ అర్థం కాదు. పైకి అడగలేక, సహోద్యోగులు అర్థమైనట్టు తలలూపుతుంటారు. ఒక్క పేరు, పలకడానికి నాలుక మడతపడే పేరు, అంతే ఆ సినిమా. సీరియల్ 2013 జనవరి 31న ముగిసినప్పుడు వీడ్కోలు పాటగా జెన్నా అందుకున్నది ఆ పేరునే. అప్పటికి ఏడు సీజన్లు గడిచాయి. పాటలో ఒక్క ముక్క కూడా సరిగ్గా అర్థం కాదు, జెన్నా పాత్రధారి జేన్ క్రకౌస్కీ మాత్రం మనసు పెట్టి, గొంతెత్తి పాడింది.